చెరువు గట్టు మీద వెబినార్

మొదటిసారి వెబినార్‌కి రిజిస్టర్ చేసుకున్నప్పుడు నాకొచ్చిన లింకుని తిన్నగా మా ఆక్వా ల్యాబులవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. అందరికీ పనికొస్తుంది కదా అని. తీరా టైముకి లోపలికి వెళ్ళి పది నిమిషాలైనా కాలేదు, బయటికి తోసేసింది. మళ్ళీ నొక్కి వెళ్ళాను, మళ్ళీ తోసేసింది. నెట్టు బాలేదేమోనని రౌటర్ ఆపి మళ్ళీ వేశాను. అవతల రాజోలులో మావాడూ అదే పని చేస్తున్నాడట. ఇద్దరం ఒకే లింకుతో ఒకర్నొకరం గెంటుకుంటున్నామని సాయంత్రం ఫోనులో మాట్లాడుకున్నాక గానీ తెలియలేదు.

రిజిస్టర్ చేసుకున్నాక మెయిల్‌కి వచ్చే లింకు మీ ఒక్కరి పేరు మీదే ఉంటుంది, బస్సులో రిజర్వేషన్ సీటులాగా. ఇతరులకి పంపాల్సింది ఆ లింకు కాదు, పేరు నమోదు చేసుకునే పేజీ లింకు. సర్టిఫికెట్ ఇచ్చే కార్యక్రమమైతే ఇది మరీ ముఖ్యం. మీ లింకుతో ఇంకొకరు కూర్చుంటే హాజరు ఎవరి పేరు మీద పడుతుందో ఆలోచించుకోండి.

నాది నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే దారిలో చిన్న ఆక్వా ల్యాబు. నీళ్ళ పరీక్షలు, రొయ్యల పరీక్షలు చేస్తాం. రైతులు డాక్టరుగారూ అని పిలుస్తారు గానీ నేను జువాలజీ చదివిన టెక్నీషియన్ని, అంతే. 2020 లాక్‌డౌన్ వచ్చేదాకా మా ల్యాబులవాళ్ళం నెలకోసారి భీమవరంలో కలిసేవాళ్ళం. కాట్రేనికోన నుంచి వచ్చే కుర్రాడికి ఆ రోజంతా పోయినట్టే. అంతర్వేది వైపు అతను సఖినేటిపల్లిలో పంటు ఎక్కి నరసాపురంలో దిగి బస్సు పట్టుకునేవాడు. గోదారికి వరదొస్తే పంటు ఆపేస్తారు, ఇక చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. ఇప్పుడు పన్నెండు మందిమి ఆదివారం సాయంత్రం ఫోనులోనే కలుస్తున్నాం. నెలకి రెండు మూడు వెబినార్లు కూడా వింటాను. నేను చేసిన తప్పులూ, వాటి తరవాత పెట్టుకున్న పద్ధతులూ ఇక్కడ రాస్తున్నాను. నాది రొయ్యల గొడవ. మీరు టీచరో, నర్సో, పశువుల డాక్టరో అయితే రొయ్య స్థానంలో మీ పని పెట్టుకోండి.

ఏది వినాలి, ఎప్పుడు వినాలి

ముందు మీటింగుకీ వెబినార్‌కీ తేడా తెలుసుకోండి. మీటింగులో అందరూ కనపడతారు, అందరూ మాట్లాడొచ్చు. వెబినార్‌లో చెప్పేవాళ్ళే కనపడతారు, మనం ప్రేక్షకులం. లుంగీలో ఉన్నా పర్వాలేదు. కానీ మన సందేహం అడగాలంటే రాసి అడగాల్సిందే.

మా రంగంలో ఉప్పునీటి చేపలూ రొయ్యల పెంపకం మీద పరిశోధన చేసే చెన్నైలోని సీబా, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా లాంటి సంస్థలు పెట్టేవాటికి వీలైనంతవరకు వెళ్తాను. మందుల కంపెనీలు పెట్టేవి వినకూడదని నేననను. మొదటి ఇరవై నిమిషాలు జబ్బు గురించి చాలా బాగా చెప్తారు. ఆ తరవాత స్లైడులో డబ్బా బొమ్మ వస్తుంది. అక్కడికి నా నోట్సు ఆపేస్తాను. ఆహ్వానంలో చూడాల్సింది టైటిల్ కాదు. ఎవరు పెడుతున్నారు, ఎవరు మాట్లాడుతున్నారు, ప్రశ్నలకి ఎంత టైము ఇచ్చారు అన్నవి. గంట కార్యక్రమంలో నలుగురు వక్తలు, ముగ్గురు ముఖ్య అతిథులు ఉన్నారంటే మీ ప్రశ్నకి చోటు లేదన్నమాటే. దానికి బదులు ఆ గంట పడుకోండి.

విదేశాల వెబినార్లకి టైముతోనే చిక్కు. జీఎంటీ అని ఉంటే ఐదున్నర గంటలు కలపండి. బ్యాంకాక్ టైము మనకంటే గంటన్నర ముందుంటుంది, అక్కడ మధ్యాహ్నం రెండంటే మనకి పన్నెండున్నర. అసలు తంటా అమెరికాతో. వాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. తూర్పు తీరం వాళ్ళ ఉదయం తొమ్మిది మనకి చలికాలంలో రాత్రి ఏడున్నర, వేసవిలో ఆరున్నర. ఇది తెలియక ఓ మార్చి నెలలో నేను ఏడున్నరకి తయారై కూర్చుంటే, లోపల వాళ్ళు ఒకరికొకరు థాంక్స్ చెప్పుకుంటున్నారు. అప్పట్నుంచీ లెక్క నేను వేయడం మానేశాను. మెయిల్‌లో క్యాలెండర్‌కి చేర్చే బటన్ ఉంటుంది. అది నొక్కితే ఫోను మన టైములోకి మార్చి, అలారం కూడా కొడుతుంది.

ఫోను, నెట్టు, కరెంటు

చాలామంది కెమెరా గురించి హైరానా పడతారు. బొమ్మ మసగ్గా ఉన్నా ఎవరూ పట్టించుకోరు, మాట తెగితే మాత్రం అందరికీ చిరాకు. అందుకే మొదట కొనాల్సింది వైరున్న ఇయర్‌ఫోన్లు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్న గట్టు మీద ఫోను స్పీకర్లో మాట్లాడితే అవతలివాళ్ళకి మోటారు పడవ ఎక్కినట్టుంటుంది. కంప్యూటర్లో జూమ్ వాడేవాళ్ళు ఆడియో సెట్టింగుల్లో వెనక చప్పుడు తగ్గించే ఆప్షన్‌ని ఎక్కువకి పెట్టుకోండి, ఫ్యాన్ హోరు బాగా పోతుంది. మ్యూట్‌లో ఉండి స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే, పట్టుకున్నంతసేపే మైకు తెరుచుకుంటుంది. మర్చిపోయి ఇంట్లో కేకలు అందరికీ వినిపించే ప్రమాదం తప్పుతుంది.

డేటా లెక్క కూడా చూసుకోండి. మాట ఒక్కటే అయితే సెకనుకి 80 కిలోబిట్లు సరిపోతాయి, అంటే గంటకి 36 ఎంబీ. అదే గ్రూపు వీడియో అయితే గంటకి ఓ జీబీ అటూ ఇటూగా తినేస్తుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకేజీ వేసుకున్నవాడు సాయంత్రం మీటింగులో మధ్యలో మాయమయ్యాడంటే కారణం అదే. కెమెరా ఆపండి. ఎదుటివాళ్ళు కదలని స్లైడు చూపిస్తుంటే దానికి పెద్దగా ఖర్చు లేదు. వీడియోలే మింగేస్తాయి. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు. మీరు మాట్లాడాలంటే చూడాల్సింది అప్‌లోడ్ అంకె.

మా వైపు కొబ్బరి తోటల మధ్య ఇళ్ళలో సిగ్నల్ గది గదికీ మారిపోతుంది. ముందురోజే ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి ఎక్కడ బాగుందో చూసి, కుర్చీ అక్కడ వేసుకోండి. మా ల్యాబులో అది వాష్‌బేసిన్ పక్కన. అందుకే మీటింగులో నా వెనక ఎప్పుడూ కడిగిన గాజు సీసాలే కనపడతాయి. కరెంటు పోయినా ఫోను ఉంటుంది గానీ రౌటర్ ఆగిపోతుంది. రౌటర్ కోసమే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, ఒకటి కొని పెట్టుకుంటే నిశ్చింత.

ఇంకొకటి, మాలాంటివాళ్ళకి ఇదే పెద్ద సమస్య. వెబినార్ మధ్యలో ఫోను మోగితే అక్కడి మాట ఆగిపోతుంది. రైతు ఫోను ఎత్తకపోతే కుదరదు, అవతల ఏరేటర్ ఆగిపోయి ఉండొచ్చు. నేను రైతుల సిమ్ముని పాత బటన్ ఫోనులోకి మార్చేశాను. వెబినార్ స్మార్ట్‌ఫోనులో, ప్రాణం బటన్ ఫోనులో.

లోపలికి వెళ్ళేటప్పుడు పేరు సరిగా పెట్టుకోండి. పేరు స్థానంలో ఫోను మోడల్ కనపడితే లోపలికి రానిచ్చేవాడికి మీరెవరో ఎలా తెలుస్తుంది? పేరు, పక్కన ఊరు, అంతే చాలు.

ప్రశ్న ముందే రాసి పెట్టుకోవడం

వెబినార్‌లో చాట్ పెట్టె వేరు, ప్రశ్నల పెట్టె వేరు. చాట్‌లో గుడ్ ఈవినింగ్‌లు, వాయిస్ రావట్లేదు సార్‌లు వరదలా వచ్చి మీ ప్రశ్నని కొట్టుకుపోతాయి. ప్రశ్నల పెట్టెలో వేసింది వరసలో నిలబడి ఉంటుంది. అక్కడే వేయండి. అదీ మొదటి పదిహేను నిమిషాల్లోనే వేయండి. చివర్లో వేస్తే టైమైపోయిందంటారు.

నేను మొదట్లో అడిగిన ప్రశ్న ఇలా ఉండేది: 'సార్, వైట్ గట్‌కి ఏం వాడాలి?' వైట్ గట్ అంటే రొయ్య పేగు తెల్లబడే జబ్బు. దీనికి ఎంత పెద్ద శాస్త్రవేత్తైనా ఏం చెప్తాడు? 'యాజమాన్యం సరిగ్గా చేసుకోండి' అంటాడు. తప్పు ఆయనది కాదు. ఇప్పుడు అడిగే తీరు ఇది: 'వనామీ, వేసి 45 రోజులు. ఎకరాకి లక్ష పిల్ల. నీళ్ళలో ఉప్పు లీటరుకి 8 గ్రాములు. పీసీఆర్‌లో ఈహెచ్‌పీ పాజిటివ్, తెల్లమచ్చ నెగెటివ్. చావులు లేవు గానీ ఒకే చెరువులో సైజు తేడా బాగా ఉంది. ఇప్పుడు పట్టేయడమా, ఇంకా పెంచడమా అన్నది ఏ లెక్కల మీద తేల్చుకోవాలి?' (వనామీ మేం పెంచే రొయ్య రకం. ఈహెచ్‌పీ రొయ్యని ఎదగనివ్వని పరాన్నజీవి, తెల్లమచ్చ వైరస్ జబ్బు.) ఇలా అడిగితే వక్త కుర్చీలో ముందుకి జరుగుతాడు. బయటివాళ్ళ కార్యక్రమమైతే ముందురోజు రాత్రే ఇంగ్లీషులో రాసుకుని ఫోను నోట్సులో దాచుకుంటాను. అప్పటికప్పుడు టైపు చేస్తే టెన్షన్‌లో నాకే అర్థంకాని ఇంగ్లీషు వస్తుంది.

ఆరు టన్నుల సున్నం

నోట్సు దగ్గర నేను చేసిన తప్పు చెప్తే మీకు ఇంకే సలహా అక్కర్లేదు. ఈహెచ్‌పీ వచ్చిన చెరువుని మళ్ళీ పంటకి సిద్ధం చేయడం మీద ఒక వెబినార్ విన్నాను. చెరువు ఎండబెట్టి, క్విక్‌లైమ్, అంటే నీళ్ళు పడితే కుతకుతలాడే కాల్చిన సున్నం, మట్టిలోకి దున్ని తడపాలని, నేల పీహెచ్ 12కి చేరాలని చెప్పారు. పుస్తకంలో '6 టన్నులు' అని రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను. వారం తిరక్కుండా ఒక రాజుగారు వచ్చారు, నాలుగెకరాల చెరువు. పుస్తకం తెరిచి 24 టన్నులు అని చీటీ రాసిచ్చాను. ఆయన చీటీ చూసి, నన్ను చూసి, 'ఏం అబ్బాయ్, చెరువు తవ్వమంటావా, పెళ్ళికి గోడలకి వెల్ల వేయమంటావా?' అన్నారు.

అప్పుడు ఫోనులో స్క్రీన్‌షాట్ వెతికాను. స్లైడులో స్పష్టంగా ఉంది, హెక్టారుకి ఆరు టన్నులు. హెక్టారంటే 2.47 ఎకరాలు. ఎకరాకి చూస్తే రెండున్నర టన్నుల లోపే, నాలుగెకరాలకి పది టన్నులు కూడా కాదు. ఆయన నవ్వేశారు గాబట్టి సరిపోయింది. లారీకి అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే నా ల్యాబు బోర్డు ఈపాటికి పీకేసేవారు.

అప్పట్నుంచి ఏ అంకె రాసినా పక్కన రెండు మాటలు రాస్తాను: దేనికి, ఎంతకి. ముఖ్యమైన స్లైడుకి స్క్రీన్‌షాట్ తీస్తాను. కొలతలు దేశదేశానికీ మారతాయి. మనం యాభై కౌంట్ అంటే కిలోకి యాభై రొయ్యలు. అమెరికా మార్కెట్ మీద వెబినార్‌లో యాభై అంటే పౌనుకి యాభై, అంటే మన కిలోకి నూట పది. ఇది తెలియకుండా వాళ్ళ ధరలు విన్న రైతు మన కొనుగోలుదారుడితో తగువుకి వెళ్తాడు. నోట్సు కాగితం మీద రాయడమే నాకు ఇష్టం. ఫోనులో వింటూ ఫోనులోనే రాయబోతే రెండూ పోతాయి.

మన మీటింగు మనం పెట్టుకునేటప్పుడు

జూమ్ ఉచితంగా వాడితే వంద మంది దాకా కూర్చోవచ్చు గానీ 40 నిమిషాలకి ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లో ఇద్దరు దాటితే గంట. డబ్బు కడితే ఈ టైము హద్దులు బాగా పెరుగుతాయి, కానీ మేం కట్టలేదు. నన్నడిగితే ఆ నలభై నిమిషాల గీత దేవుడిచ్చిన వరం. భీమవరంలో కలిసినప్పుడు టీలు, టిఫిన్లు, రాజకీయాలు పోగా ఎంత పని జరిగేదో మాకు తెలుసు.

టైము పెట్టేటప్పుడు మీ తీరిక చూసుకోకండి, వచ్చేవాళ్ళ పని చూడండి. మావాళ్ళకి పొద్దున నీళ్ళ శాంపిళ్ళు, సాయంత్రం ఆరింటికి మేత, తెల్లవారుజామున చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే వేళ. అందుకని ఏడున్నర. లింకు ప్రతివారం మార్చం, ఒకటే లింకు, గ్రూపులో పైన పిన్ చేసి ఉంటుంది. ఆ రోజు ఏడింటికి ఒక మెసేజ్, ఏడూ ఇరవై ఐదుకి ఇంకొకటి. మూడోది పంపితే మనవాళ్ళు విసుక్కుంటారు.

మాట్లాడే వరస మాత్రం మేం పెట్టుకున్న రూలు, చాలా బాగా పనిచేసింది. సముద్రం పక్కవాళ్ళు ముందు. అంతర్వేది, కాట్రేనికోన, అల్లవరం, తరవాత రాజోలు, పాలకొల్లు, చివర్న ఆకివీడు, భీమవరం. సముద్రం పక్క సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలియదు గనక ఉన్నప్పుడే వాళ్ళు చెప్పేయాలి. మనిషికి రెండు నిమిషాలు. ఈ వారం నీళ్ళు ఎలా ఉన్నాయి, ఏ జబ్బు కనపడింది, ఒక సందేహం. పన్నెండు మందికి 24 నిమిషాలు. మిగతా పది నిమిషాలు ఒకే ఒక్క చెరువు గురించి. ముప్పై ఐదో నిమిషానికి లేచిపోతాం.

మొదలుపెట్టేవాడు 'అందరికీ వినపడుతోందా?' అని అడక్కండి. వినపడనివాడు ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేడు కదా. పేరు పెట్టి ఒకర్ని అడగండి. 'ఆయ్, వినపడతందండి' అన్నాడంటే నడిపించండి. ఒకే ఇంట్లో ముగ్గురు కూర్చుంటే ముగ్గురూ ఒక్క ఫోను ముందే కూర్చోండి. రెండు ఫోన్లు పక్కపక్కన తెరిస్తే కీచుమని చెవులు పగిలిపోతాయి.

మా కాట్రేనికోన కుర్రాడు నాలుగు నెలలపాటు ఒక్క మాట మాట్లాడలేదు. బిడియం అనుకున్నాం. నిజానికి ప్రతివారం చాట్‌లో సందేహాలు రాస్తున్నాడు, మేమెవ్వరం చాట్ తెరవట్లేదు. వాళ్ళ ల్యాబు పక్కనే ఐసు మిల్లు, మైకు తెరిస్తే ఆ చప్పుడు మనకి వస్తుందని మొహమాటం. అప్పట్నుంచి చాట్ చూసే పని వారానికొకరికి అప్పగిస్తున్నాం. వచ్చిన సందేహం వాళ్ళే పైకి చదువుతారు.

మైక్రోస్కోప్ చూపించాల్సి వస్తే నేను చేసేది ఇది. కంప్యూటర్లో మీటింగు నడుస్తుంటుంది. అదే మీటింగులోకి ఫోనుతో ఇంకోసారి వెళ్తాను, ఫోనులో ఆడియో మాత్రం కలపను, కలిపితే కీచు. రొయ్య లివరు ముక్కని గాజుపలక మీద నలిపి, ఫోను కెమెరా ఐపీస్‌కి ఆనించి మెల్లగా జరుపుతాను. మొదట తెరంతా నలుపు, తరవాత చంద్రవంక, ఇంకొంచెం జరిపితే నిండు చంద్రుడు. ఆ చంద్రుడిలో నూనె బిందువులు మెరుస్తుంటే లివరు బాగున్నట్టు. బిందువులు తగ్గి పాలిపోయి ఉంటే అందరూ ఒక్కసారి నిశ్శబ్దం అయిపోతారు. ఆ వీడియోని స్పాట్‌లైట్ చేయండి, అందరికీ పెద్దగా కనపడుతుంది. పిన్ చేస్తే మీకొక్కరికే. అయినా వీడియోలో చిన్న వివరాలు చెరిగిపోతాయి, అందుకని ఫొటోలు ముందే వాట్సాప్‌లో పంపిస్తాను. మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా జతచేస్తే నాణ్యత తగ్గకుండా వెళ్తుంది.

ఒక జాగ్రత్త. మీటింగు కోసమని వాట్సాప్‌లో ఎవరైనా ఏపీకే ఫైలు, అంటే నొక్కితే యాప్ ఎక్కించే ఫైలు, పంపితే ముట్టుకోకండి. యాప్ కావాలంటే ప్లేస్టోర్ నుంచే తీసుకోండి. ముక్కూమొహం తెలియనివాడు ఫోను చేసి స్క్రీన్ షేర్ చేయమంటే చేయకండి. మీ తెర మీదికొచ్చే ఓటీపీలు కూడా అతనికి కనపడతాయి.

రానివాళ్ళ కోసం ఇదివరకు రికార్డింగు పెట్టేవాణ్ణి. ఒక్కరూ చూడలేదు. నలభై నిమిషాల వీడియో ఎవరు చూస్తారు, ఎవరికి అంత డేటా ఉంది? ఇప్పుడు మీటింగు అయిపోగానే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడుతున్నాను. ఏం అనుకున్నాం, ఎవరు ఏం చేసి చూస్తారు, వచ్చేవారం ఏ చెరువు. మొన్న ఆదివారం అంతర్వేది అతను రాలేదు, ముసురు పట్టి ఆక్సిజన్ పడిపోతుంటే చెరువుల మీదే ఉన్నాడట. రాత్రి రెండూ నలభైకి అతని దగ్గర్నుంచి వాయిస్ వచ్చింది, వెనక ఏరేటర్ల హోరు. 'విన్నానండి. ఆ సున్నం లెక్క ఎకరానికా, హెక్టారుకా అండి?'